సూది దిగిన చోటు: టీకా పరిహార చట్టం కథ

(ఆదివారం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఇవాళ నేను చెప్పబోయేది ఒక చిత్రమైన కోర్టు కథ. ఆ కోర్టులో వాది టీకా వేయించుకుని దెబ్బతిన్న మనిషి. ప్రతివాది సూది గుచ్చిన నర్సు కాదు, మందు తయారుచేసిన కంపెనీ కాదు, అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యశాఖ మంత్రి. జ్యూరీ ఉండదు. తప్పు ఎవరిదని ఎవరూ అడగరు. వాది ఓడిపోయినా, దావాలో సబబు ఉందనిపిస్తే అతని లాయరు ఫీజు కూడా సర్కారు నిధిలోంచే ఇస్తారు. మా నాన్న తెనాలి కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఫోన్లో ఇదంతా చెబితే ఆయన, "తప్పు లేకుండా దావా ఏమిట్రా? దాన్ని ఎక్స్‌గ్రేషియా అంటారు" అన్నారు.

ఆ మాట నా బుర్రలో చాలా రోజులు తిరిగింది. మన ఊళ్ళలో బస్సు బోల్తా పడినా, బాణసంచా గోడౌను పేలినా మర్నాడు పేపర్లో ఎక్స్‌గ్రేషియా ప్రకటన వస్తుంది. అది దయ. ఇస్తే పుచ్చుకోవాలి, ఇవ్వకపోతే ఊరుకోవాలి. నేను చెప్పే కోర్టు ఇచ్చేది దయ కాదు, హక్కు. అయితే ఆ హక్కు ఎవరో ఒకరోజు పొద్దున్నే లేచి ధర్మబుద్ధితో ఇచ్చింది కాదు. టీకాలు దొరక్కుండా పోతాయేమోనన్న భయంలోంచి పుట్టింది.

ముందే ఒక మనవి. నేను డాక్టర్ని కాను, లాయర్ని కాను, కంప్యూటర్ కన్సల్టెంటుని. ఈ విషయం మీద మాట్లాడటానికి నాకున్న అర్హత నా ఎడమ భుజం. దాని సంగతి తరవాత చెబుతాను. టీకాలు వద్దని చెప్పడానికి మాత్రం రాలేదు. ఇప్పటికీ ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటున్నాను, కుడిచేతికి.

మన అమ్మమ్మల తరంలో ఎవరి చెయ్యి చూసినా భుజానికి కాస్త కింద గుండ్రటి టీకా మచ్చ కనబడుతుంది. అమ్మవారు పోయకుండా వేసిన టీకా అది. నొప్పి, జ్వరం, పుండు అన్నీ దాంట్లో భాగమే అనుకునేవారు. ఎవరికైనా వికటిస్తే? అది వాళ్ళ ఖర్మ.

వికటించిన కథల్లో మన దేశంలో పేరుమోసినది 1902 నాటిది. పంజాబులోని ముల్కోవాల్ అనే పల్లెలో ఆ అక్టోబరు 30న 107 మందికి ప్లేగు టీకా వేశారు. ఒకే సీసాలోని మందు ఎక్కించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ దొర మీద నింద పడింది, ఉద్యోగం పోయింది. తప్పు ఆయన బొంబాయి లేబరేటరీలో జరిగిందా, పల్లెలో సీసా మూత తీసినచోట జరిగిందా అని ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. మూత తీసేటప్పుడు సహాయకుడి చేతిలోంచి పట్టకారు నేలమీద పడిందనీ, దాన్ని సరిగ్గా శుద్ధి చెయ్యకుండానే మళ్ళీ వాడాడనీ ఒక కథనం. మలేరియా మీద పనిచేసి నోబెల్ తెచ్చుకున్న రొనాల్డ్ రాస్ వంటివాళ్ళు పట్టుబట్టాక 1907లో గానీ హాఫ్‌కిన్ నిర్దోషి అని తేలలేదు. చరిత్ర పుస్తకాల్లో మనం చదివేదంతా ఆయనకు జరిగిన అన్యాయం గురించే. ఆ 19 ఇళ్ళ గురించి చదివిన గుర్తు మీకెవరికైనా ఉందా?

ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో మరో ప్రశ్న తేలింది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఒక పాస్టరు మశూచి టీకా వేయించుకోనన్నాడు. 5 డాలర్ల జరిమానా వేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఊరందరి ఆరోగ్యం కోసం ప్రభుత్వం టీకాను తప్పనిసరి చెయ్యొచ్చు అని 1905లో కోర్టు తీర్పు చెప్పింది. బాగానే ఉంది. ఊరి కోసం నా చెయ్యి చాపమన్నారు, చాపాను. ఆ చెయ్యి పాడైతే ఊరు చూస్తుందా? ఆ సంగతి తీర్పులో లేదు.

దానికి ముందుగా జవాబు చెప్పింది పశ్చిమ జర్మనీ. నిర్బంధ మశూచి టీకా వల్ల దెబ్బతిన్నవాళ్ళు అందరి మేలు కోసం త్యాగం చేసినట్టు లెక్క, కాబట్టి పరిహారం ఇవ్వాల్సిందే అని అక్కడి ఉన్నత న్యాయస్థానం 1953లో చెప్పింది. 1961లో అది చట్టమయింది. బ్రిటన్ 1979లో ఒక చట్టం చేసింది. మొదట 10 వేల పౌండ్లు ఇచ్చేవారు, 2007 నుంచి లక్షా 20 వేలు. కాకపోతే 60 శాతం వైకల్యం ఉందని తేలితేనే. లండన్ నుంచి ఇంటర్నెట్‌లో వింటున్న మిత్రులకు నా సానుభూతి. భుజం ఒక్కటీ పట్టేస్తే ఆ లెక్కకు చేరడం కష్టం.

ఇక అమెరికా. 1955 ఏప్రిల్ 12న సాల్క్ పోలియో టీకా పనిచేస్తుందని ప్రకటించగానే చర్చిల్లో గంటలు మోగించారట. రెండు వారాలు దాటగానే కాలిఫోర్నియాలోని కట్టర్ లేబరేటరీస్ తన టీకాను వెనక్కి తీసుకుంది. చంపి ఎక్కించాల్సిన వైరస్ కొన్ని బ్యాచుల్లో బతికే ఉంది. సుమారు 200 మందికి కాళ్ళో చేతులో చచ్చుబడ్డాయి, 10 మంది చనిపోయారు. దావాలు పడ్డాయి. 1958లో తొలి తీర్పు ఇచ్చిన జ్యూరీ ఒక విచిత్రమైన మాట చెప్పింది. కంపెనీ అజాగ్రత్తగా లేదు, అప్పటికి తెలిసిన పద్ధతులు పాటించింది. అయినా అమ్మిన సరుకు మంచిదని పూచీ పడినట్టే కాబట్టి డబ్బు కట్టాల్సిందే అంది.

నా లెక్కలో ఈ కథకి మొదటి మలుపు అదే. తప్పునీ బాధ్యతనీ మొదటిసారి విడదీశారు. అయితే భారమంతా కంపెనీ నెత్తిన పడింది. ఇలా అయితే టీకాలు చేసేవాళ్ళు మిగులుతారా అన్న బెంగ అక్కణ్ణుంచి మొదలయింది.

రెండో మలుపు మా న్యూజెర్సీలోనే. మా ఇంటి నుంచి దక్షిణంగా గంటసేపు కారు నడిపితే ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరం వస్తుంది. 1976 ఫిబ్రవరిలో అక్కడ ఒక సైనికుడు స్వైన్ ఫ్లూతో చనిపోయాడు. 1918 నాటి మహమ్మారి మళ్ళీ వస్తోందన్నారు. దేశమంతటికీ టీకా వేయిస్తామని ప్రెసిడెంట్ ఫోర్డ్ ప్రకటించారు. కంపెనీలు టీకా చేస్తామన్నాయి గానీ ఇన్సూరెన్స్ కంపెనీలు మాత్రం మేం పూచీ పడమన్నాయి. దాంతో ఆగస్టులో కాంగ్రెస్ హడావుడిగా చట్టం చేసింది: ఎవరికేం జరిగినా కంపెనీల బదులు ప్రభుత్వమే ప్రతివాదిగా నిలబడుతుంది. అక్టోబరులో టీకాలు మొదలయ్యాయి, 4 కోట్ల మందికి పైగా వేయించుకున్నారు. కొంతమందికి గియాన్-బారే అనే నరాల జబ్బు కనిపించడంతో డిసెంబరులో ఆపేశారు. చూస్తామనుకున్న మహమ్మారి రానేలేదు. దావాలు మాత్రం వేలల్లో వచ్చాయి.

మూడోది అన్నిటికంటే పెద్దది, మనకి కాస్త దగ్గరి చుట్టరికం ఉన్నదీను. 1982లో వాషింగ్టన్‌లోని ఒక టీవీ స్టేషను డి.పి.టి. టీకా మీద ఒక కార్యక్రమం వేసింది. కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు, ఈ మూడింటికీ కలిపి పసిపిల్లలకు వేసేది అది. ఆ టీకా వల్ల పిల్లల మెదళ్ళు దెబ్బతింటున్నాయని టీవీలో తల్లులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇంక కోర్టులు నిండిపోయాయి. దేశంలో డి.పి.టి. చేసే మూడు కంపెనీల్లో రెండు మార్కెట్ వదిలి వెళ్ళిపోయాయి. మిగిలిన ఒక్కటీ లెడర్లీ లేబరేటరీస్. తమ మీద పడగల దావాల మొత్తం ఏడాది అమ్మకాలకు 200 రెట్లు ఉంటుందని ఆ కంపెనీ లెక్కవేసింది.

లెడర్లీ అంటే గుర్తొచ్చిందా? మన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940లో చేరి, 1948లో పోయేదాకా పరిశోధనలు నడిపిన సంస్థ. భీమవరంలో పుట్టిన మనిషి ఫోలిక్ ఆసిడ్, ఆరియోమైసిన్ పరిశోధనలు నడిపించింది అక్కడే. ఆ పెర్ల్ రివర్ ఊరు మా ఇంటికి ఉత్తరంగా గంట దూరం. ఆయన పోయిన 36, 37 ఏళ్ళకు అమెరికా పిల్లల డి.పి.టి. మొత్తం ఆ ఒక్క సంస్థ మీద వేలాడింది. డాక్టర్లు ఉన్న మందును పొదుపుగా వాడుకుంటూ వచ్చారు. కంపెనీ అది కూడా మూసేస్తే కోరింత దగ్గు మళ్ళీ ఊళ్ళమీద పడుతుంది.

అప్పుడు ఎవరూ ఊహించని పొత్తు కుదిరింది. దెబ్బతిన్న పిల్లల తల్లిదండ్రులు, పిల్లల డాక్టర్లు, కంపెనీలు, కాంగ్రెస్‌లో హెన్రీ వాక్స్‌మన్ అనే కాలిఫోర్నియా సభ్యుడు. వీళ్ళ బేరసారాల్లోంచి 1986లో బాలల టీకా గాయాల చట్టం వచ్చింది. నవంబరు 14న ప్రెసిడెంట్ రీగన్ అయిష్టంగానే సంతకం పెట్టారు. 1988 అక్టోబరు 1 నుంచి అమలయింది.

ఒప్పందం ఇది. దెబ్బతిన్నవాళ్ళు కంపెనీ మీదా టీకా వేసినవాళ్ళ మీదా నేరుగా దావాకు పోకూడదు, ముందు ఈ ప్రత్యేక కోర్టుకు రావాలి. అక్కడ స్పెషల్ మాస్టర్లు అనే ఎనిమిది మంది న్యాయాధికారులు వింటారు. ఏ టీకాకి, ఎన్ని రోజుల్లో, ఏ గాయం వస్తే టీకా వల్లనే అని ఒప్పుకుంటారో ఒక పట్టిక ఉంది. పట్టికలో మీ గాయం ఉంటే రుజువు భారం చాలామటుకు మీ మీంచి దిగిపోయినట్టే. లేకపోతే నిపుణుల్ని తెచ్చి రుజువు చేసుకోవాలి. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందంటే, ప్రతి డోసు మీదా అది ఆపే ఒక్కో జబ్బుకి 75 సెంట్ల చొప్పున పన్ను. ఫ్లూ టీకాకి 75 సెంట్లు, మూడు జబ్బుల ఎం.ఎం.ఆర్.కి రెండుంపావు డాలర్లు. చేతికి సూది వేయించుకునే ప్రతివాళ్ళూ తమకి తెలియకుండానే ఒక చిట్టీ కడుతున్నారన్నమాట. ఇప్పటిదాకా ఆ చిట్టీలోంచి 500 కోట్ల డాలర్లకు పైగా వెళ్ళాయి.

ఇది అందరికీ న్యాయం చేసిందా అంటే లేదు. పట్టికను మార్చే అధికారం ఆరోగ్యశాఖదే, అంటే ప్రతివాదిదే. మా నాన్న ఈ మాట విని ఒక్కసారి లేచి కూర్చున్నారు. "ప్రతివాది సాక్ష్యాల జాబితా తనే రాసుకుంటాడా?" అని. 1995లో శాఖ డి.పి.టి. తరవాత వచ్చే మూర్ఛలను పట్టికలోంచి తీసేసింది. ఎన్నో కుటుంబాలకు దారి మూసుకుపోయింది. కోపం వచ్చిందంటే రాదా మరి? అయితే 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, టీకా వల్ల మెదడు దెబ్బతిందనుకున్న 14 మందిని పరీక్షిస్తే, 11 మందిలో మూర్ఛరోగం తెచ్చే జన్యులోపం కనబడింది. ఏ గాయం కోసం ఈ చట్టాన్ని కట్టారో అందులో చాలా భాగం టీకా చేసింది కాదేమో! అలాగని ఆ తల్లుల దుఃఖం అబద్ధమా? ఆటిజం దావాలు 5 వేలకు పైగా వచ్చి, 2009, 2010లలో నమూనా కేసులన్నీ ఓడిపోయాయి. అక్కడ సైన్సు స్పష్టంగా ఉంది కాబట్టి దానిమీద ఎక్కువ మాట్లాడను. ఇక 2011లో సుప్రీంకోర్టు, టీకా రూపకల్పనలోనే లోపముందని కంపెనీల మీద విడిగా దావాలు వెయ్యడానికి వీల్లేదని ఆరుగురు జడ్జీల మెజారిటీతో తేల్చేసింది. ఆ కేసులోని టీకా కూడా లెడర్లీ వారి డి.పి.టి.యే.

ఇప్పుడు భుజం దగ్గరకి వద్దాం.

2005లో ఏటేటా వేసే ఫ్లూ టీకాని కూడా ఈ చట్టం కిందకి తెచ్చారు. పిల్లల కోసం కట్టిన సత్రంలోకి పెద్దవాళ్ళు ఎక్కువగా రావడం అప్పట్నుంచే. 2007లో ఇద్దరు డాక్టర్లు రెండు కేసుల గురించి రాశారు: టీకా తరవాత భుజం కీలు పట్టేసి నెలల తరబడి కదల్లేదు. 2010లో మరో వ్యాసం వచ్చింది, 13 మంది గురించి. ఆ వ్యాసం రాసినవాళ్ళు ఈ పరిహార పథకంలో పనిచేసే ప్రభుత్వ డాక్టర్లే. తమ దగ్గరికొచ్చిన దావాల దస్త్రాలు తిరగేస్తుంటే ఒకటే కథ మళ్ళీమళ్ళీ కనబడింది. నొప్పి ఆ రోజే మొదలవుతుంది, చాలామంది సూది మరీ పైకి గుచ్చారని చెబుతారు. దానికి ఇంగ్లీషు పొడి అక్షరాలతో 'సిర్వా' అని పేరు పెట్టారు. టీకా వేయడంలో భుజానికయ్యే గాయం అని అర్థం.

జరిగేది ఇది. భుజం చివర తగిలే ఎముక నుంచి రెండు మూడు వేళ్ళ కింద కండ దట్టంగా ఉంటుంది, సూది అక్కడ దిగాలి. ఇంకా పైకి గుచ్చితే కండ కింద, కీలు దగ్గర ఒరుసుకోకుండా ఉండే బర్సా అనే చిన్న నీటితిత్తి ఉంది, మందు దాంట్లోకి పోతుంది. ఒంట్లో ఆ జబ్బుమీద పోరాడే శక్తి అప్పటికే ఉంటే అది ఆ తిత్తి మీదకి దండెత్తుతుంది. వాపు, నొప్పి, ఆ తరవాత కీలు బిగిసిపోవడం. టీకా వల్ల ఎవరికైనా చెయ్యి రెండు రోజులు సలుపుతుంది, అది వేరు. ఇది నెలలు పోయినా తగ్గదు.

2019 అక్టోబరులో ఒక క్లయింటు ఆఫీసులో టీకా శిబిరం పెట్టారు. క్యూలో వంద మందిమి. వేసేవాళ్ళు నిలబడే ఉన్నారు, నేను కుర్చీలో కూచున్నాను. చొక్కా చెయ్యి పైకి మడిచే తీరిక లేక కాలరు పక్కకి లాగి, భుజం తలకాయ మీదే గుచ్చేశారు. ఆ రాత్రి ఎడమవైపు ఒత్తిగిలి పడుకోలేకపోయాను. నెల తిరిగేసరికి సీటుబెల్టు అందుకోవడం, వెనకజేబులోంచి పర్సు తియ్యడం, పై అరలోంచి కుక్కర్ దింపడం అన్నీ మా ఆవిడ పనులయ్యాయి. రెండేళ్ళ పిల్లాడు చేతులు చాపితే కుడిచేత్తో నడుం పట్టి ఎత్తుకోవడం నేర్చుకున్నాను. ఎమ్మారై తీశారు, స్టెరాయిడ్ సూది వేశారు, ఫిజియోథెరపీ మొదలుపెట్టారు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి థెరపీ సెంటరు మూసేశారు. ఇంట్లో గోడమీద వేళ్ళు పాకించుకుంటూ, వీపు వెనక తువ్వాలు లాక్కుంటూ గడిపాను.

అప్పటికి ఈ గాయం పట్టికలో చేరి మూడేళ్ళయింది. 2011లో జాతీయ స్థాయి వైద్య నిపుణుల సంఘం, సూది వల్ల భుజంలోని తిత్తి వాయడానికి ఆధారాలు గట్టిగా ఉన్నాయని ఒప్పుకుంది. 2017 మార్చి 21 నుంచి సిర్వా అధికారికంగా పట్టికకెక్కింది. షరతులు నాలుగు. ఆ భుజంలో ముందు నొప్పి ఉండకూడదు. టీకా వేసిన 48 గంటల్లో మొదలవ్వాలి. నొప్పీ బిగుతూ ఆ భుజానికే పరిమితం కావాలి. వేరే కారణం ఉండకూడదు. వీటికి తోడు ఏ గాయానికైనా ఉండే షరతు, బాధ ఆరు నెలలు దాటాలి. కొన్నేళ్ళలోనే ఈ కోర్టుకొచ్చే దావాల్లో సగానికి పైగా భుజాలే అయ్యాయి.

నా దావాకి అడ్డుపడింది ఒక డ్రాప్‌డౌన్ మెనూ. శిబిరం రికార్డులో టీకా కుడిచేతికి వేసినట్టుంది. క్యూలో వందమందికీ కుడిచెయ్యే! ఆ తెరమీద ముందే ఎంచి పెట్టిన జవాబు 'కుడి' అయ్యుండాలి. పొద్దస్తమానం అలాంటి తెరలు రాసే వృత్తి నాది, చూడగానే అర్థమయింది. లాయరమ్మ నవ్వి, ఇలాంటివి ఈ కోర్టువాళ్ళు చాలా చూశారు, ఆ తరవాత డాక్టర్లు రాసిందే ముఖ్యం అంది. నా డాక్టరు మొదటి రోజే "ఫ్లూ టీకా వేసినప్పట్నుంచీ ఎడమ భుజం నొప్పి" అని ఒక్క వాక్యం రాసి పెట్టారు. ఆ ఒక్క వాక్యం ఎంత విలువైందో తరవాత తెలిసింది.

ఇంట్లో భయం వేరే రకం. హెచ్-1బి మీద ఉన్నవాణ్ణి, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాణ్ణి, ప్రభుత్వం మీద దావా వెయ్యడమా? మా మావగారైతే "అల్లుడుగారూ, ఓ చెయ్యి పోయినా ఫరవాలేదు, వీసా పోకూడదు" అన్నారు. నవ్వులాటకి కాదు, నిజంగానే. ఆయన భయం చాలా ఇళ్ళలో ఉన్నదే, అందుకే చెబుతున్నాను. ఆ చట్టంలో పౌరసత్వం షరతు లేదు. టీకా ఈ దేశంలో వేయించుకుని ఉంటే చాలు. తీర్పులో పేరు బయటికొస్తుందని బెరుకుగా ఉంటే, తీర్పు ప్రచురించే ముందు 14 రోజుల్లో పేరు తీసెయ్యమని అడగొచ్చు. తప్పకుండా తీసేస్తారని మాత్రం లేదు.

ఇంతలో అసలు పిడుగు పడింది. 2020 జులైలో ఆరోగ్యశాఖ సిర్వాని పట్టికలోంచి తీసేస్తామని ప్రతిపాదించింది. వాళ్ళ వాదన ఏమిటంటే, ఇది టీకాలోని మందు చేసిన గాయం కాదు, సూది సరిగ్గా గుచ్చకపోవడం వల్ల వచ్చింది. అంటే వేసినవాడి తప్పు. తప్పున్నచోట తప్పు చేసినవాడి మీదే దావా వేసుకోండి, పిల్లల కోసం పెట్టిన నిధిని ఇలాంటివాటికి ఖర్చు పెట్టకూడదు.

వినడానికి సబబుగానే ఉంది. నాకూ నొప్పి ఎక్కువున్న రాత్రుల్లో అలాగే అనిపించేది, ఎవరో ఒకరి తప్పుండాలని. కానీ ఇంతదాకా చెప్పిన చరిత్ర పక్కన పెట్టి చూడండి. 1976లో ఇన్సూరెన్స్ కంపెనీలు వెనక్కి తగ్గాయి, 1980లలో టీకా కంపెనీలు వెనక్కి తగ్గాయి. ప్రతి సూదికీ దావా భయం ఉంటే రేపు వీధి చివర ఫార్మసీలు వెనక్కి తగ్గవా? అదీ కోవిడ్ టీకాలు కోట్లమందికి వెయ్యాల్సిన సమయంలో. ముల్కోవాల్ సీసా ఎవరు సరిగ్గా తెరవలేదని ఐదేళ్ళు పోట్లాడుకున్నట్టు, నా భుజం మీద ఎవరు ఎన్ని అంగుళాలు పైకి గుచ్చారని ఆ శిబిరం మనిషితో నేను పోట్లాడాలి. ఆమె పేరు కూడా నాకు తెలియదు. గంటకి ఎంతమందికి వెయ్యమన్నారో, ఆమెకి కుర్చీ ఎందుకు ఇవ్వలేదో అసలే తెలియదు. శాఖకి సలహాలిచ్చే సంఘమే ఈ ప్రతిపాదనకు ఒప్పుకోలేదు.

అయినా 2021 జనవరి 21న తుది నిబంధన అచ్చయింది. ఫిబ్రవరి 22 తరవాత వేసిన దావాలకు పట్టిక రక్షణ ఉండదు. మా లాయరమ్మ రాత్రింబవళ్ళు కూచుని, లాక్‌డౌన్‌లో మూతపడ్డ ఆఫీసుల నుంచి రికార్డులు లాగి, ఫిబ్రవరి మొదటి వారంలో నా దావా దాఖలు చేసింది. ఆ వారం ఆమె వేసినవి నాదొక్కటే కాదు. కొత్త ప్రభుత్వం వచ్చి ఆ నిబంధనని ముందు వాయిదా వేసింది, ఏప్రిల్‌లో రద్దు చేసింది. సిర్వా పట్టికలో నిలిచింది.

నా దావాని ప్రభుత్వం 2022లో ఒప్పుకుంది. విచారణ లేకుండానే పరిహారం తేలింది. ఎంతో రేడియోలో చెప్పను, మా బంధువులు వింటున్నారు. సర్జరీ అవసరం లేని భుజాలకు నొప్పికీ బాధకీ సాధారణంగా పదుల వేల డాలర్లలో ఇస్తారు. ఎంత పెద్ద గాయమైనా ఆ పద్దు కింద రెండున్నర లక్షల డాలర్లు దాటకూడదని 1986లో రాశారు, ధరలు ఇన్ని రెట్లు పెరిగినా ఆ అంకె కదల్లేదు. స్పెషల్ మాస్టర్ల సంఖ్య కూడా అదే ఎనిమిది. అందుకే ఏళ్ళు పడుతుంది. "మన కోర్టుల కంటే నయమే" అని మా నాన్న తీర్పు.

కోవిడ్ టీకాతో భుజం పట్టేసినవాళ్ళ సంగతి వేరు. అవి ఈ చట్టం కిందకి కాక, 2005 నాటి అత్యవసర చట్టం కింద మరో పథకంలోకి వెళ్ళాయి. అక్కడ కోర్టు లేదు, లాయరు ఫీజు ఇవ్వరు, నొప్పికి డబ్బు లేదు. గడువు టీకా వేసిన ఒక్క ఏడాది. 2023లో మొదటిసారి చెల్లించినప్పుడు ముగ్గురికీ కలిపి 5 వేల డాలర్లు కూడా కాలేదు. అదే చెయ్యి, అదే సూది, గుచ్చిన చోటు కూడా అదే. ఇండియాలో అయితే 2022లో కోవిడ్ టీకా మరణాల కేసులో కేంద్రం సుప్రీంకోర్టుకి, పరిహారం బాధ్యత తమది కాదు, కావాలంటే సివిల్ కోర్టుకి వెళ్ళొచ్చని చెప్పింది. మా నాన్న ఆ వార్త కత్తిరించి ఫోటో తీసి పంపారు. కింద ఏమీ రాయలేదు.

చివరగా, అమ్మానాన్నల్ని ఆర్నెల్లకి పిలిపించుకునేవాళ్ళకి రెండు మాటలు. ఫ్లూ టీకా ఈ చట్టం కింద ఉంది. షింగిల్స్ టీకా పెద్దలకే వేసేది, అది ఈ జాబితాలో లేదు. దావాకి గడువు మొదటి లక్షణం కనబడ్డ రోజు నుంచి మూడేళ్ళు, దాటితే కాలదోషం పట్టినట్టే. టీకా వేయించేటప్పుడు చొక్కా చెయ్యి పూర్తిగా పైకి మడవండి, వేసేవాళ్ళని కూచోమనండి. నొప్పి వారంలో తగ్గకపోతే డాక్టరు దగ్గరకెళ్ళి, ఎప్పుడు మొదలయిందో, ఏ చేతికో ఫైలులో రాయించండి.

ప్రశ్నలు అడిగేవాళ్ళ కోసం ఫోన్ లైన్లు తెరిచి ఉన్నాయి.